వాలెట్‌కు సొంత సర్వర్

తిరుపతి కొర్లగుంటలోని మా ఇంట్లో ఎలక్ట్రమ్ అనే బిట్‌కాయిన్ వాలెట్‌కు సొంత సర్వర్ నడుస్తోంది. చాలా ఆనందంగా ఉంది.

బిట్‌కాయిన్ తాళంచెవులు మన దగ్గరే ఉన్నా, నిల్వ ఎంతో తెలుసుకోవడానికి వాలెట్ ఎవరిదో సర్వర్‌ను అడుగుతుంది. ఆ అడగడంలోనే మన చిరునామాలన్నీ ఒకరివేనని అవతలివారు పసిగట్టవచ్చు. డబ్బు పోదు, గుట్టు పోతుంది. నాకది చిన్న విషయం కాదు.

పాత కంప్యూటర్‌లో డెబియన్ లినక్స్ వేసి, ముందు బిట్‌కాయిన్ కోర్ అనే సాఫ్ట్‌వేర్ నడిపించాను. 2009 నుంచి జరిగిన ప్రతి లావాదేవీనీ దించుకుని అది స్వయంగా సరిచూస్తుంది. 600 జీబీ దాటిన చిట్టా! అయినా ఫలానా చిరునామాకు ఏ లావాదేవీలు చెందుతాయో వెంటనే చెప్పడం దానికి చేతకాదు. ఆ పని ఎలక్ట్రస్ అనే సర్వర్ ప్రోగ్రామ్‌ది, పుస్తకం చివర ఉండే పదసూచిక లాగా. దానికి మొత్తం చరిత్ర కావాలి కాబట్టి, బిట్‌కాయిన్ కోర్‌లో పాత బ్లాకులను (లావాదేవీల కట్టలను) తొలగించే ప్రూనింగ్ పెట్టకూడదు. మామూలు హార్డ్ డిస్క్ మీద ఇదంతా నత్తనడకే. ఖర్చైనా ఎస్‌ఎస్‌డీ కొనండి.

కరెంటు పోతే డేటాబేస్ దెబ్బతినవచ్చు, అందుకే యూపీఎస్ పెట్టాను.

వాలెట్ ఈ సర్వర్‌తో మాట్లాడే 50001 పోర్టులో ఎన్‌క్రిప్షన్ ఉండదు. దాన్ని ఇల్లు దాటనివ్వలేదు. బయటినుంచి అయితే, ఎవరు ఎక్కడినుంచి కలుస్తున్నారో దాచే టార్ నెట్‌వర్క్ ద్వారానే. చిత్తూరులో ఉంటున్న తమ్ముడు కూడా తన వాలెట్‌ను దీనికే కలిపాడు.