కళ్ళకి లేజర్: ఒప్పుకునే ముందూ, ఆ రాత్రీ

లేజర్ చేయించుకోవచ్చా అని నన్ను అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. అద్దాలు లేని నా మొహం చూసి, ‘ఎలా ఉంది, నొప్పేసిందా’ అని మొదలుపెడతారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీ కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, మందం ఎంతో తెలుసా? తెలియదంటే ముందు అది కనుక్కుని రమ్మంటాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

నాకు రెండు కళ్ళకీ మైనస్ 6 ఉండేది. బడికి వెళ్ళే రోజుల నుంచీ అద్దాలే. మధ్యలో కొన్నేళ్ళు కాంటాక్ట్ లెన్సులు వాడాను గానీ, పై రెప్ప లోపలివైపు చిన్న చిన్న బొడిపెలు వచ్చి, లెన్స్ పెట్టుకుంటే చాలు దురద, ఎరుపు. ఇక మానేయమన్నారు. ‘అందం కోసమేగా’ అని అడిగినవాళ్ళకి అప్పట్లో ఈ కథంతా ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. అందం కోసమే అయితే మాత్రం తప్పేముంది?

ఇంట్లో రెండు పార్టీలు. అక్క చాలా ఏళ్ళ కిందటే లాసిక్ అనే లేజర్ ఆపరేషన్ చేయించుకుంది. మర్నాటికే అన్నీ కనిపించాయట, నొప్పి అసలు లేదట. ‘ఇంకా ఎన్నాళ్ళు ఆలోచిస్తావే’ అని తను. ‘ఉన్న చూపు చాలదా, కళ్ళతో ఆటలేంటి’ అని అమ్మ. ఇద్దరి మాటల్లోనూ నా కళ్ళ సంగతి లేదు. అక్కకి తన కళ్ళే లెక్క, అమ్మకి తన భయమే లెక్క. నాకు కావాల్సింది నా కంటిని కొలిచి చెప్పే మనిషి.

మొదట వెళ్ళిన చోట మనుషుల కన్నా మెషిన్లు ఎక్కువ ఉన్నాయి. వరసగా గడ్డం ఆనించి కూర్చోబెట్టారు, కళ్ళలోకి లైట్లు వేశారు, రంగురంగుల బొమ్మలు ప్రింట్ తీశారు. లెన్సులు వాడుతున్నానా, ఎప్పుడు మానేశాను అని ఒక్కరూ అడగలేదు. అప్పటికి నేను మానేసి చాలా కాలమైంది కాబట్టి సరిపోయింది. లెన్స్ కార్నియా ఆకారాన్ని కొద్దిగా మార్చేస్తుంది. మెత్తటి లెన్సులైతే కనీసం వారం పది రోజులు, గట్టివైతే ఇంకా చాలా ముందు నుంచి మానేసి ఉండాలి. లేకపోతే ఆ కొలతలన్నీ తప్పే. అంత ఖరీదైన మెషిన్ల మధ్య ఈ చిన్న ప్రశ్నకి చోటు లేకపోయింది.

తర్వాత డాక్టర్ గది అనుకున్నాను గానీ, నన్ను కూర్చోబెట్టింది కౌన్సెలర్ దగ్గర. నవ్వుతూ మాట్లాడే అమ్మాయి. ‘పది నిమిషాల పని మేడమ్. ఈ వారంలో అయితే డిస్కౌంట్ కూడా ఉంది.’ నా కార్నియా ఎలా ఉంది అని అడిగితే, 490 మైక్రాన్లు, కొంచెం పల్చనే గానీ లాసిక్‌కి సరిపోతుంది, చేశాక కనీసం 250 మిగలాలి, మీకు 286 మిగులుతుంది అంది. మామూలుగా కార్నియా మధ్యలో 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ ఉంటుంది. అందులోంచి చెక్కేది చెక్కితే మళ్ళీ పెరగదు. ఫ్లాప్, అంటే కార్నియా మీద మూతలాంటి కోత, లేకుండా చేసేది ఏదో ఉందటగా, పీఆర్‌కే అంటారట అన్నాను. ‘అయ్యో, అది పాత పద్ధతి మేడమ్, ఇప్పుడెవరు చేయించుకుంటున్నారు?’

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమెకి నేర్పిన మాటలు ఆమె చెప్పింది. నేర్పినవాళ్ళ మీద ఉంది.

రెండో అభిప్రాయం కోసం వెళ్ళిన డాక్టర్ వయసులో పెద్దావిడ. మెషిన్ల కన్నా ముందు ప్రశ్నలు వేసింది. కళ్ళు నలుపుకునే అలవాటుందా? ఇంట్లో ఎవరికైనా కెరటోకోనస్, అంటే కార్నియా పల్చబడి ముందుకు ఉబ్బే జబ్బు, ఉందా? ఏడాదిగా పవర్ మారకుండా ఉందా? గర్భం ఆలోచన ఉందా? కింది రెప్పలో సన్నటి కాగితం పట్టీలు పెట్టి కన్నీళ్ళు ఎంత ఊరుతున్నాయో చూసింది. చుక్కలు వేసి కంటి వెనకాల పొర, రెటీనా, అంచుల దాకా వెతికింది. ఆ సాయంత్రం వెలుతురులో కళ్ళు తెరవలేక నానా తిప్పలు పడ్డాను గానీ, మొదటిచోట ఈ పరీక్షే చేయలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత నా రిపోర్టు వెనక్కి తిప్పి పెన్నుతో లెక్క వేసింది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా గుర్తుండిపోయింది ఆ కాగితమే. లాసిక్‌లో ముందు కార్నియా పైపొరని మూతలా కోసి పైకెత్తుతారు, అదే ఫ్లాప్. నాకైతే సుమారు 120 మైక్రాన్లు. తర్వాత పవర్ తగ్గించడానికి లేజర్‌తో లోపల చెక్కాలి, పవర్‌ని కొలిచే డయాప్టర్ ఒక్కోదానికి సుమారు 14 చొప్పున ఆరింటికి 84. రెండూ కలిపితే 204. ‘490లో 204 అంటే 41 శాతం దాటింది చూడమ్మా. మిగిలింది 250 కన్నా ఎక్కువే, నిజమే. కానీ మందంలో 40 శాతం కదిలిస్తే, తర్వాత కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బే ప్రమాదం పెరుగుతుంది. ఫ్లాప్ మళ్ళీ అతుక్కుంటుంది గానీ, ముందున్న బలం రాదు. నేనైతే నీకు లాసిక్ చేయను.’

ఫ్లాప్ లేకపోతే ఆ 120 మిగులుతుంది. పీఆర్‌కేలో పైన ఉండే అతి సన్నని చర్మం లాంటి పొరని తీసేసి నేరుగా చెక్కుతారు, ఆ పొర కొన్ని రోజుల్లో తనంతట తానే మళ్ళీ పెరుగుతుంది. కంటి లోపల లెన్స్ అమర్చే దారి ఇంకోటి ఉందని కూడా చెప్పింది. చివర్లో, ‘అద్దాలతోనే ఉండిపోవడం కూడా ఒక ఆప్షనే. ఇవాళ చెప్పక్కర్లేదు, ఇంటికెళ్ళి ఆలోచించుకో’ అంది. వద్దనుకోవచ్చు అని చెప్పిన మొదటి మనిషి ఆవిడే. ఆ మాటతోనే నాకు గురి కుదిరింది.

అయినా చాలా రోజులు తేల్చుకోలేదు. చదివాను, బాగా చదివాను. 1981లో ఐబీఎం పరిశోధనశాలలో శ్రీనివాసన్, విన్, బ్లమ్ అనే ముగ్గురు, ఇప్పుడు ఈ ఆపరేషన్లలో వాడే ఎక్సైమర్ లేజర్‌ని విందులో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ప్రయోగించి, పక్కనున్న కణాలు మాడకుండా కోయొచ్చని కనిపెట్టారట. నా కళ్ళ వ్యవహారం కోడి ముక్క దగ్గర మొదలైందని అక్కకి చెప్తే ఫోన్‌లో పడీ పడీ నవ్వింది. భయపెట్టేవీ చదివాను. అమెరికాలో మందులనీ వైద్య పరికరాలనీ నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ లాసిక్ మీద చేయించిన ప్రౌల్ అధ్యయనంలో నూటికి 95 మందికి పైగా తమ చూపుతో తృప్తిగా ఉన్నామన్నారు. అదే అధ్యయనంలో, ముందు ఏ ఇబ్బందీ లేనివాళ్ళలో 40 శాతానికి పైగా మందికి మూడు నెలలప్పుడు లైట్ల చుట్టూ వలయాలో, మెరుపులో, నీడలో కొత్తగా కనిపించాయి. పావు వంతుకి పైగా మందికి కళ్ళు పొడిబారడం మొదలైంది. రెండు మాటలూ నిజమే. అమ్మే చోట మొదటిదే చెప్తారు, భయపడేవాళ్ళు రెండోదే పట్టుకుంటారు. చివరికి పీఆర్‌కేకి ఒప్పుకున్నాను.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మొద్దుబారే చుక్కలు, రెప్పలు పట్టి ఉంచే క్లిప్, పైపొర తీస్తున్నప్పుడు అంతా మసక, మినుకుమినుకుమనే ఒక లైటు. ఏదో మాడుతున్న వాసన వచ్చింది. ఏదీ కాలడం లేదు, లేజర్ అణువుల బంధాలు తెంచుతుంటే వచ్చే వాసన అది అని ముందే చెప్పారు కాబట్టి కదలకుండా ఉండగలిగాను. పైన కట్టులాగా ఒక కాంటాక్ట్ లెన్స్ పెట్టి పంపించేశారు.

మొదటి రోజు బాగానే గడిచింది. అమ్మతో ‘చూశావా, ఏమీ లేదు’ అని కూడా అన్నాను.

రెండో రాత్రి నిద్రలోంచి లేచాను. ఎడమ కంట్లో గాజు పెంకు దిగినట్టుంది. రెప్ప కదిలితే చాలు, ప్రాణం పోయినట్టే. కన్ను తెరవలేను, మూసి ఉంచలేను. నీళ్ళు ధారగా కారి దిండు తడిసిపోయింది. గది చీకటిగానే ఉంది, కానీ అక్క ఫోన్ ఆన్ చేస్తే ఆ కాస్త వెలుగు కూడా భరించలేకపోయాను. తోడుగా ఉండడానికి వచ్చింది పాపం, నా చేతులు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చుంది, నలిపేసుకుంటానేమోనని. అమ్మ తలుపు దగ్గర నిలబడి ఏదో జపిస్తోంది. నాకు నొప్పి కన్నా ఒక ఆలోచన ఎక్కువైంది: ఇన్ఫెక్షన్ అయితే? పొర లేని కన్ను కదా, తలుపు తీసి పెట్టిన ఇల్లు కదా.

ఆసుపత్రివాళ్ళు రాసిచ్చిన ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేశాం. అక్క చెప్పబోతుంటే లాక్కుని నేనే మాట్లాడాను. అవతల మనిషి అంతా విని అన్న మాట: ‘అంత నొప్పి ఎవరికీ రాదమ్మా. మీరు టెన్షన్ పడుతున్నారు. మాత్ర వేసుకుని పడుకోండి.’

ఆ మాట ఇప్పటికీ నాకు మంటే. తను చూడని కంటి గురించి, తను పడని నొప్పి గురించి, నిద్రమత్తు గొంతుతో అంత ధీమా ఎక్కడిది? నేనూ ఒక్క క్షణం నమ్మాను, టెన్షనేనేమో అని. అక్క నమ్మలేదు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, ‘మేం వస్తున్నాం, డ్యూటీ డాక్టర్ని లేపండి’ అని పెట్టేసింది. దారంతా దుప్పటి ముసుగులో కూర్చుని, తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాను. అంతకు ముందు పెద్దగా పెట్టుకునేదాన్ని కాదు.

డ్యూటీ డాక్టర్ కుర్రవాడు. చుక్క వేసి కన్ను తెరిచి చూసి, ‘లెన్స్ లేదండీ, జారిపోయింది’ అన్నాడు. అంతే. టెన్షన్ కాదు, ఇన్ఫెక్షన్ కాదు. పచ్చి పుండు మీద నేరుగా రెప్ప రాసుకుంటోంది. ఇన్ఫెక్షన్ అయితే కనిపించే తెల్లమచ్చ ఏదీ లేదని రెండుసార్లు చూసి చెప్పి, కొత్త లెన్స్ పెట్టాడు. మొద్దుబారే చుక్క పని చేస్తున్నంతసేపూ స్వర్గంలో ఉన్నట్టుంది. ఆ సీసా ఇంటికి ఇచ్చేయమని బతిమాలాను. ఇవ్వలేదు. ‘ఇది వేసుకుంటూ పోతే పొర మానదు, కార్నియా కరిగిపోయే దాకా రావచ్చు, ఒక్క చుక్క కూడా ఇంటికి ఇవ్వం’ అన్నాడు. అప్పుడు తిట్టుకున్నాను. ఆ అబ్బాయి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

పెద్ద డాక్టర్ గారి మీద నాకున్న గౌరవం తక్కువేమీ కాదు గానీ, ఆవిడకీ ఒక మాట చెప్పాను. కొలతలన్నీ ఓపిగ్గా చెప్పారు, లెన్స్ జారిపోవచ్చు, జారితే ఇలా ఉంటుంది అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రాత్రి నేను గుడ్డిదాన్నవుతానని ఏడ్చేదాన్ని కాదు కదా అని. ఆవిడ కాసేపు ఊరుకుని, ఇకనుంచి కాగితం మీద రాయించి ఇస్తానంది. ఫోన్ మాట్లాడిన మనిషి సంగతి కూడా చెప్పాను. ‘కనుక్కుంటాను’ అంది. ఏం కనుక్కుందో నాకు తెలియదు.

పొర మూడు నాలుగు రోజుల్లో మూసుకుంది, చూపు మాత్రం అంత తొందరపడలేదు. అక్షరాలకి నీడలు, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా. లాసిక్ చేయించుకున్న అక్కతో పోల్చుకుని కుమిలిపోయిన రోజులున్నాయి. స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, వాటివల్ల కంటిలో ప్రెషర్ పెరుగుతుందేమో అని మధ్యమధ్య చూపించుకోవాలి. నొప్పి లేదు కదా అని ఆ చెకప్‌లు మానేసేవాళ్ళుంటారట, దయచేసి మానకండి. ఎండలో చలవ కళ్ళద్దాలు తప్పనిసరి, లేకపోతే కార్నియా మీద పొగలా మచ్చ కట్టొచ్చు. వారాలు గడిచాక ఒకరోజు దూరంగా ఉన్న బోర్డు చదివేసి, చదివానని కూడా గమనించుకోకుండా ముందుకెళ్ళిపోయాను. రాత్రిపూట లైట్ల చుట్టూ పల్చటి వలయాలు ఇప్పటికీ ఉన్నాయి, పట్టించుకోవడం మానేశాను. కళ్ళు పొడిబారితే ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు వేసుకుంటాను.

అడిగేవాళ్ళకి ఇంకో రెండు చెప్తాను. లేజర్ సరిచేసేది ముందున్న కార్నియా వంపుని మాత్రమే. మైనస్ ఎక్కువున్నవాళ్ళకి కనుగుడ్డు పొడవు అలాగే ఉంటుంది, సాగిన రెటీనా కూడా అలాగే ఉంటుంది. అద్దాలు పోయాయని రెటీనా చెకప్ మానకూడదు. కళ్ళ ముందు హఠాత్తుగా మెరుపులు, నల్లచుక్కల వాన, ఒక పక్క తెర దిగినట్టు అనిపిస్తే అదే రోజు పరుగెత్తాలి. నలభై దాటాక చత్వారం ఎలాగూ వస్తుంది, చదవడానికి అద్దాలు కావాలి. దాన్ని పట్టుకుని లేజర్ ఫెయిలయిందనకండి.

రెండోది, ఆపరేషన్‌కి ముందు తీసిన కొలతల కాపీ అడిగి తీసుకుని జాగ్రత్తగా దాచుకోండి. పెద్దయ్యాక శుక్లాల ఆపరేషన్ చేసేటప్పుడు ఏ పవర్ లెన్స్ పెట్టాలో లెక్క కట్టడానికి అవి పనికొస్తాయి. లేజర్ చేసిన కంటికి మామూలు లెక్క సరిగ్గా సరిపోదు. ఈ సంగతి చెప్తే అక్క మొహం వాడిపోయింది. తన దగ్గర ఒక్క కాగితం కూడా లేదట. పాత రికార్డులు ఎన్నాళ్ళు ఉంచుతారో కనుక్కోమని తను చేయించుకున్న ఆసుపత్రి నంబరు నాకు పంపింది. రేపు ఫోన్ చేయాలి.