గోంగూర తుంచుతూ బాండ్ మాటలు

10 ఆగస్టు 2025, ఆదివారం

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, నిన్న రాఖీ. రెండు రోజుల హడావుడి అయ్యాక ఇవాళ ఇల్లు కాస్త నెమ్మదించింది. అన్నయ్యావాళ్లు సాయంత్రం బస్సుకి హైదరాబాద్ వెళ్లిపోతారు. పచ్చడి చేసి కట్టిద్దామని పొద్దున్నే రైతుబజారుకి వెళ్లి పది కట్టల గోంగూర తెచ్చాను. హాల్లో పాత దుప్పటి పరిచి, కట్టలు మధ్యలో పోసి అందరినీ కూర్చోబెట్టాను. అన్నయ్య, అన్నయ్య కూతురు, వీధి చివర ఉండే బాబాయ్. వదిన వంటింట్లో వ్రతం శనగలకి తాలింపు వేస్తోంది.

ఎక్కడ మొదలైందో కానీ, మాట జేమ్స్ బాండ్ మీదకి వెళ్లింది. మా ఇంట్లో అది మామూలే. రాబోయే బాండ్ సినిమా దర్శకుడి పేరు డెనిస్ విలెనూవ్ అని జూన్‌లో చెప్పారు. కథ రాసేది స్టీవెన్ నైట్ అని పది రోజుల క్రితం చెప్పారు. అన్నయ్యకి ప్రాణం లేచొచ్చింది. "ఇంక టెన్షన్ లేదు, సరైనవాళ్ల చేతిలో పడింది" అన్నాడు.

బాబాయ్ ఒప్పుకోలేదు. "ఆయన తీసిన ఎడారి సినిమా చూశాన్రా. గొప్పగా తీశాడు, కాదనను. కానీ అందులో ఒక్కడన్నా మనసారా నవ్వాడా? బాండ్ నవ్వకపోతే ఇంక వాడెందుకు?"

బాబాయ్‌కి డెబ్భై రెండేళ్లు. ఇంగ్లీషు బాండ్ కంటే ముందు ఆయన చూసింది మన కృష్ణగారినే. 1966లో గూఢచారి 116 వచ్చేనాటికి బాబాయ్‌కి పదమూడేళ్లు. ఆ తర్వాత ఆయన బాండ్ అంటే రోజర్ మూరే. 1973 నుంచి 1985 దాకా మూర్ ఏడు సినిమాలు చేశాడు. ఆక్టోపస్సీ మాట వస్తే బాబాయ్ చేతిలో కాడ అలాగే ఆగిపోతుంది. ఉదయపూర్ వీధుల్లో ఆటో ఛేజింగ్, వెంటపడ్డవాళ్లని విజయ్ అమృతరాజ్ టెన్నిస్ రాకెట్‌తో బాదడం. "హాలంతా ఈలలమ్మా. మన ఊళ్లని ప్రపంచమంతా చూస్తోందని ఎంత సంబరపడ్డామో" అన్నాడు. ఈ మాట చాలాసార్లు విన్నాను. అయినా ఇవాళ కూడా వినాలనే అనిపించింది.

అన్నయ్యది వేరే లెక్క. వాడికి బాండ్ పుట్టిందే 2006లో, క్యాసినో రాయల్‌తో. జుట్టు బంగారు రంగులో ఉందని డేనియల్ క్రెయిగ్‌ని వద్దే వద్దని గొడవ చేసినవాళ్లున్నారు. ఆరేళ్లు తిరిగేసరికి అదే క్రెయిగ్‌తో స్కైఫాల్ వంద కోట్ల డాలర్లు దాటింది. దెబ్బ తగిలితే నొప్పి పుట్టే బాండ్ కావాలంటాడు అన్నయ్య. ఇవాళ ఇంకో మాట కూడా కలిపాడు. కథని మళ్లీ 1950ల్లోకి తీసుకెళ్లాలట. ఇయాన్ ఫ్లెమింగ్ మొదటి నవల వచ్చింది 1953లో కాబట్టి ఆ కాలమే పెట్టాలట. సెల్‌ఫోన్లు ఉండవు, డ్రోన్లు ఉండవు, మనిషి తన బుర్రతో బతికి బయటపడాలి.

వినడానికి బాగానే ఉంది. కానీ నాకు నచ్చలేదు, నచ్చలేదనే చెప్పాను. మొదటి బాండ్ సినిమా డాక్టర్ నో లండన్‌లో మొదటిసారి పడింది 1962 అక్టోబర్ 5న. మూడు వారాలు తిరగకముందే క్యూబాలో సోవియట్ క్షిపణుల గొడవతో ప్రపంచం ఊపిరి బిగబట్టింది. ఆ సినిమా కథేమో జమైకా దగ్గర ఒక దీవిలో కూర్చుని అమెరికా రాకెట్లని దారి తప్పించేవాడిది. చూసినవాళ్లకి అది పాతకాలం ముచ్చట కాదు, ఆ రోజు పేపర్లో వార్త. 1977లో స్టార్ వార్స్ ఆడిందని, ముందు అనుకున్న కథ పక్కనపెట్టి మూన్‌రేకర్‌లో బాండ్‌ని అంతరిక్షంలోకి పంపారు. సోవియట్ యూనియన్ పోయాక 1995లో గోల్డెన్ ఐ తీసినప్పుడు, నువ్వు కోల్డ్ వార్ మిగిల్చిపోయిన శేషానివని అతని పై అధికారిణి చేతే మొహం మీద అనిపించారు. ఎప్పటికప్పుడు ఆ రోజు భయం ఏదో దాన్ని పట్టుకున్నారు కాబట్టే ఇన్నేళ్లు నడిచింది. 1950ల్లో పెడితే కోట్లు, కార్లు అందంగా ఉంటాయి. కానీ ఆ కాలం ఎలా ముగిసిందో మనకి తెలుసు. తెలిసిపోయాక భయమెక్కడుంటుంది?

"కార్లు అందంగా ఉంటే తప్పేంటే?" అన్నాడు అన్నయ్య. బాబాయ్ వాడి పక్షం చేరాడు. కార్ల విషయంలో వాళ్లిద్దరూ ఎప్పుడూ ఒకటే.

అంతసేపూ మాట్లాడకుండా ఆకు తుంచుతున్న పిల్ల అప్పుడు అడిగింది. "అసలు ఆయన చచ్చిపోయాడు కదత్తా. ఇంకా ఏం తీస్తారు?"

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. అది చూసిన బాండ్ సినిమా ఒక్కటే, నో టైమ్ టు డై. చివర బాండ్ చచ్చిపోతాడు కాబట్టి దాని దృష్టిలో ఆ కథ 2021లోనే అయిపోయింది. చివర్లో అలవాటుగా "జేమ్స్ బాండ్ మళ్లీ వస్తాడు" అని వేశారని చెప్తే, "అంటే అబద్ధమా?" అంది. బాండ్ అనేది మనిషి పేరు కాదేమో, ఉద్యోగం పేరేమో, ఒకడు పోతే ఇంకొకడికి ఇస్తారేమో అని కూడా అంది. ఈ అనుమానం అభిమానుల్లో చాలామందికి ఉన్నదే.

దానికి బాబాయ్ జవాబు చెప్పిన తీరు నేను మర్చిపోలేను. కాడలు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని మొదలుపెట్టాడు. 1969లో జార్జ్ లాజెన్‌బీ ఒకే ఒక్క సినిమాలో బాండ్ వేశాడు. దాని చివర బాండ్ పెళ్లి చేసుకుంటాడు. పెళ్లయిన కాసేపటికే కారులోనే భార్య ట్రేసీని కాల్చి చంపుతారు. పన్నెండేళ్లకి, 1981లో, ఫర్ యువర్ ఐస్ ఓన్లీ మొదలయ్యేది ఒక సమాధి దగ్గర. రోజర్ మూర్ పువ్వులు పట్టుకుని వస్తాడు. ఆ రాయి మీద ఉన్నది ట్రేసీ పేరే. "నటుడు మారాడమ్మా, దుఃఖం మారలేదు. ఉద్యోగం పేరయితే పువ్వులెందుకు తెస్తాడు?" అన్నాడు. నవ్వే బాండ్ కావాలని పొద్దుట్నుంచీ వాదిస్తున్న మనిషికి అన్నిటికంటే బాగా గుర్తున్నది ఆ సమాధి. పిన్ని పోయి ఆరేళ్లయింది. ఎవరం ఏమీ అనలేదు. వదిన శనగలు తెచ్చి తలా ఒక ప్లేటు ఇచ్చింది.

పిల్ల అడిగింది మాత్రం నాకు మధ్యాహ్నమంతా తిరుగుతూనే ఉంది. పచ్చడి కోసం ఎండుమిర్చి వేయిస్తున్నప్పుడు కూడా అదే. బాండ్‌ని ఎందుకు చంపాల్సి వచ్చింది? పాత సినిమాలు ఒక్కొక్కటీ ఒక్కో పని. ఆఫీసుకి పిలుస్తారు, ఫైలు ఇస్తారు, వెళ్తాడు, ముగిస్తాడు. క్రెయిగ్ ఐదు సినిమాలనీ ఒకే కథగా ముడేశారు. క్యాసినో రాయల్‌లో ప్రేమించిన అమ్మాయి చావు చివరి సినిమా దాకా వెంటాడింది. అక్కడిదాకా బాగుంది. తర్వాత స్పెక్టర్‌లో అంతకుముందు వచ్చిన విలన్లందరి వెనకా ఉన్నది ఒకడేనని, వాడు బాండ్‌తో కలిసి పెరిగినవాడని చెప్పారు. నాకు అక్కడ మనసు విరిగింది. అంత పెద్ద ప్రపంచం ఒక ఇంటి గొడవంత చిన్నదైపోయింది. వరుస కథగా అల్లితే దానికి ఎక్కడో ఒకచోట ముగింపు పెట్టక తప్పదు. ఇలాంటి మనిషికి పెట్టగలిగిన ముగింపు చావే.

అందుకే నేను కోరుకునేది ఒక్కటే. తర్వాతి సినిమా దేనికీ కొనసాగింపు కాకూడదు, ఇంకో దానికి ముందుమాట కూడా కాకూడదు. ఒక పని, ఒక ప్రమాదం, రెండు గంటల్లో ఒక కథ.

అలా ఉండనిస్తారా అన్నదే నా బెంగ. 1961లో ఆల్బర్ట్ బ్రొకోలీ, హ్యారీ సాల్ట్‌జ్‌మన్ కలిసి బాండ్ సినిమాలు తీయడానికి ఈయాన్ ప్రొడక్షన్స్ అనే సంస్థ పెట్టారు. గోల్డెన్ ఐ నుంచి బ్రొకోలీ కూతురు బార్బరా, సవతి కొడుకు మైకేల్ విల్సన్ నడిపించారు. దాదాపు అరవై ఏళ్లలో ఆ సంస్థ తీసింది 25 బాండ్ సినిమాలే. బాండ్ లేకుండా ఆ కథల్లోని ఇంకో పాత్ర మీద విడిగా సినిమా రాలేదు. 1989 తర్వాత ఆరేళ్లు, 2015 తర్వాత ఆరేళ్లు ఖాళీ. ఆ ఖాళీల్లోనే మనం ఎదురుచూడటం నేర్చుకున్నాం. 2022లో అమెజాన్ 845 కోట్ల డాలర్లకి, బాండ్ సినిమాల్లో వాటా ఉన్న ఎంజీఎం స్టూడియోని కొంది. ఈ ఫిబ్రవరిలో సినిమాలు ఎలా ఉండాలో నిర్ణయించే అధికారం కూడా దానికే వెళ్లింది. అంత డబ్బు పెట్టినవాళ్లు ఆరేళ్లు ఆగుతారా? విలన్‌కో సిరీస్, సెక్రటరీకో సిరీస్ అని మొదలుపెడితే? తోటలో ఏడాదికోసారి కాసే చెట్టుని నెలనెలా కాయమంటే అది బతకదు. ఇది చెప్తే అన్నయ్య కూడా వాదించలేదు. ఈ ఒక్క విషయంలో నలుగురం ఒకే మాట మీద ఉన్నాం.

పిల్లతో మాత్రం ఒకటి తేలలేదు. తర్వాతి బాండ్ అమ్మాయి ఎందుకు కాకూడదంటుంది. పోయిన సినిమాలో 007 నంబరు నోమీ అనే అమ్మాయికి ఇచ్చారు కదా అంటుంది. బాండ్ ఏ రంగువాడైనా కావచ్చు కానీ మగవాడే, ఆడవాళ్లకి వాళ్లవైన కొత్త పాత్రలు రాయాలని బార్బరా బ్రొకోలీ అన్నారు. నాదీ అదే మాట. "మరి రాశారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రాయాలి. పాతవాడి కోటు వేసుకుని తిరిగే అమ్మాయి కాదు, తన పేరుతో తను నిలబడే అమ్మాయి కావాలి.

విలెనూవ్ మీద నాకు నమ్మకం కలిగింది ఆయన సినిమాల వల్ల కాదు. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి బాండ్ సినిమాలు చూస్తూ పెరిగానని ఆయన చెప్పారు. నన్ను గోల్డెన్ ఐకి తీసుకెళ్లింది నాన్నే. నాకు పదేళ్లు. మొదలవగానే ఒక మనిషి స్విట్జర్లాండ్‌లో ఆ ఎత్తైన డ్యామ్ మీద పరుగెత్తుకొచ్చి కాళ్లకి తాడు కట్టుకుని దూకేస్తాడు. హాల్లో చప్పుడు లేదు. దాదాపు 220 మీటర్లని తర్వాత చదివాను. అప్పుడు మాత్రం నాకు తెలిసింది నాన్న చెయ్యి నా చెయ్యిని గట్టిగా పట్టుకోవడమే. భయపడింది నేనా, ఆయనా అన్నది ఇప్పటికీ తెలీదు. ఆ సీన్ తీయగల మనిషి కావాలి నాకు. నవ్వించే బాండా, ఏడిపించే బాండా అన్నది ఆ తర్వాత.

పచ్చడి రెండు సీసాలయింది. ఒకటి అన్నయ్యావాళ్లకి, ఒకటి బాబాయ్‌కి. ఆరున్నరకి ఆటో వచ్చింది. పిల్ల ఎక్కుతూ ఎక్కుతూ ఆ డ్యామ్ సినిమా పేరు మళ్లీ అడిగి ఫోన్లో రాసుకుంది.

బాబాయ్‌ని వాళ్లింటి దాకా దిగబెట్టాను. సీసా చేతిలో పట్టుకుని గేటు దగ్గర ఆగాడు. "కొత్తది ఎప్పుడొస్తుందంటావ్?" అన్నాడు. తారీకు ఇంకా చెప్పలేదన్నాను. కాసేపు ఆలోచించాడు.

"వచ్చినప్పుడు టికెట్లు నువ్వే తియ్యమ్మా. మీ నాన్నతో వెళ్లినట్టే మొదటి రోజే వెళ్దాం. నాకు మాత్రం వరసలో చివరి సీటు తియ్యి, మోకాలు చాపుకోవాలి."