మూడో విడత నిధుల కోసం ఏడు నెలలు: నా అనుభవం

మొన్న శుక్రవారం సాయంత్రం ప్రయోగశాలలో విద్యార్థుల రికార్డులు దిద్దుతుండగా గుమస్తాగారు వచ్చి, మా ప్రాజెక్టుకు మూడో విడత నిధులు మంజూరయ్యాయని చెప్పారు. అడిగిన దానిలో నాలుగో వంతు కోత పడింది. అయినా ఏడు నెలలుగా జీతం లేకుండా చేలవెంట తిరిగిన మా ప్రాజెక్టు సహాయకుడి బకాయి తీర్చడానికి ఆ మొత్తం చాలుతుంది. ఆ కుర్రవాడికి ఫోను చేసి ఈ మాట చెబితే అవతలి నుంచి కాసేపు ఏమీ వినిపించలేదు. ఇలాంటి చిన్న ప్రభుత్వ ప్రాజెక్టులు నడుపుతున్నవారికి ఉపయోగపడుతుందన్న ఆశతో, జరిగినదంతా మనసులో పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

నేను గుంటూరులో ఒక డిగ్రీ కళాశాలలో ఇరవై రెండేళ్లుగా జంతుశాస్త్రం బోధిస్తున్నాను. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద విరుచుకుపడినప్పుడు నా తరగతిలో చాలామంది పిల్లల ఇళ్లలో ఆ నష్టం ఉంది. పూతలో పురుగు చేరి, పువ్వులు రాలి, కాయ కట్టక, అప్పు తెచ్చి పెంచిన తోటలను రైతులు తమ చేతులతోనే పీకేసుకున్నారు. ఆ తరువాత రెండేళ్లకు మా ప్రాజెక్టు మొదలైంది. మేడికొండూరు, ఫిరంగిపురం మండలాల్లోని కొన్ని గ్రామాల్లో నీలిరంగు జిగురు అట్టలు కట్టి, వారం వారం వాటికి అంటిన పురుగులను లెక్కపెట్టి, ఆ లెక్కను ఊళ్లో అందరికీ కనిపించే చోట తెలుగులో బోర్డు మీద రాయడం మా పని. ఎప్పుడు మందు కొట్టాలో, ఎప్పుడు అక్కర్లేదో ఆ లెక్కను చూసి రైతే నిర్ణయించుకోవాలన్నది మా ఉద్దేశం. మూడేళ్లకు కలిపి మంజూరైన సొమ్ము ఒక లారీ మిర్చి టిక్కీల (బస్తాల) ధరను మించదు.

వచ్చిన నిధులను ఎలా ఖర్చు చేశామో చూపే వినియోగ ధ్రువపత్రం ఇవ్వడం చాలామంది భయపడేంత కష్టం కాదు. ప్రభుత్వ ఆర్థిక నియమాల్లోని (జీఎఫ్‌ఆర్) 12-ఎ నమూనాలో ఖర్చులు నింపి, ఆడిటర్ సంతకం చేయించి, ఖాతాలో పడిన వడ్డీని కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వేదిక భారత్‌కోష్ ద్వారా తిరిగి జమ చేసి, ఆ రసీదు జత చేస్తే సరిపోతుంది. నా లెక్కల్లో ఒక్క రూపాయి తేడా రాలేదని ఆడిటరే అన్నారు. ఆ మాట ఇక్కడ రాసుకునే హక్కు నాకు ఉందనుకుంటున్నాను. బిల్లులను నెలకోసారి కాకుండా ఏ రోజువి ఆ రోజే అతికించుకోండి, చాలు.

జూన్‌లో రావలసిన నిధులు రాలేదు. సెప్టెంబరు మొదటి వారంలో ఒక లేఖ వచ్చింది. ప్రాజెక్టు ప్రయోజనం మీద క్షేత్రస్థాయిలో అభ్యంతరాలు ఉన్నాయనీ, వాటికి వివరణ ఇచ్చి, రైతుల లిఖితపూర్వక అభిప్రాయాలు జతచేసి, డిసెంబరులో విజయవాడలో సమీక్షా సంఘం ముందు హాజరు కావాలనీ అందులో ఉంది. దానితో పాటు వచ్చిన ఫిర్యాదు చదివాక నాకు కాళ్లు వణికాయి. అది అంతకు నెల ముందు మా విద్యార్థి ఒకరు ఫోనులో నాకు చూపించిన వీడియోలోని మాటలే, మక్కీకి మక్కీ. వాట్సాప్‌లో చేతులు మారుతున్న ఆ వీడియోను అప్పట్లో నేను పట్టించుకోలేదు. చదువుకున్నవాళ్లు ఎవరు నమ్ముతారులే అనుకున్నాను. అది ఒక ప్రభుత్వ ఫైలులోకి నడిచి వచ్చి, ఒక కుర్రవాడి జీతం ఆపింది. పట్టించుకోకపోవడం నా తప్పు, ఆ తప్పు మీరు చేయకండి.

ఆ వీడియోలో రెండు ఆరోపణలు ఉన్నాయి. నీలి అట్టలు ఊరి బయటి పురుగును చేలోకి పిలుస్తాయన్నది మొదటిది. నిధుల కోసం శాస్త్రవేత్తలే ఈ పురుగును తెచ్చి వదిలారన్నది రెండోది. చివర్లో మాట్లాడిన మనిషి, అందులో ఏముందో ఎక్కడా రాయని ఒక సీసాను చూపించి, ఇది కొడితే తామర పురుగు పారిపోతుందని చెబుతాడు. పురుగుమందు సీసా మీద అందులోని పదార్థం పేరు, మోతాదు ఉండి తీరాలని 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం చెబుతోంది. పేరే లేని సీసా అమ్మేవాడి మాట ఫైలులో సాక్ష్యమైంది. ప్రతి గురువారం రాసిన మా లెక్కల పుస్తకం వివరణ ఇచ్చుకోవలసిన నిందితురాలైంది. దీన్ని నేను ఎన్నటికీ మరచిపోను.

అబద్ధానికి బలం దానిలో కలిపిన నిజం నుంచే వస్తుంది. నీలిరంగు తామర పురుగును ఆకర్షిస్తుందన్నది నిజమే, పసుపు రంగు తెల్లదోమను ఆకర్షించినట్టే. అందుకే అట్టకు జిగురు పూస్తారు. వచ్చిన పురుగు అంటుకుని చస్తుంది, ఎంత అంటుకుందో చూస్తే చేలో ఉద్ధృతి తెలుస్తుంది. ఇది రెండు నిమిషాల్లో చెప్పగలిగిన సంగతి. నేను దానికి పదకొండు పేజీల వివరణ రాశాను, అందులో రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుల విధిగా చెప్పిందని కూడా రాశాను. ఆ పదకొండు పేజీలూ సంఘంలో ఎవరూ చదవలేదని తరువాత తెలిసింది. రెండు పేజీలు దాటనివ్వకండి.

ఇక రైతుల అభిప్రాయాల విషయం. నన్ను కుంగదీసిన ఘట్టం ఇదే.

అక్టోబరు చివరి ఆదివారం సాయంత్రం, మేము ఎక్కువ అట్టలు కట్టిన ఊళ్లో, రామాలయం ముందు సమావేశం పెట్టించాను. యాభై మంది దాకా వచ్చారు. నలుగురు విద్యార్థులు నాతో ఉన్నారు. తెర కట్టి, కళాశాల ప్రొజెక్టరు పెట్టి, తరగతిలో చెప్పినట్టే చెప్పాను. ఈ పురుగు ఆగ్నేయాసియాకు చెందినదనీ, మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగుళూరులో బొప్పాయి మీద గుర్తించారనీ, అది మిరపకు మళ్లి 2021లో మన జిల్లాలను ముంచిందనీ, కాబట్టి ఎవరో తెచ్చి వదిలారన్న మాట అబద్ధమనీ తేదీలతో సహా వివరించాను. ఆ స్లైడు మీద నాకు ఎంతో నమ్మకం ఉండేది. దానితో రెండో ఆరోపణ తేలిపోతుందనుకున్నాను.

వెనుక వరుసలో అరుగు మీద కూర్చున్న ఒక కౌలు రైతు లేచాడు. నలభై ఏళ్లు ఉంటాయేమో. గొంతు పెంచలేదు.

“మేడమ్‌గారూ, 2015లో బెంగుళూరులో కనపడిందన్నారు. మాకు 2021లో వచ్చింది. మధ్యలో ఆరేళ్లు ఉంది గదా. ఆ ఆరేళ్లలో మాకీ సంగతి ఎవరు చెప్పారండీ?”

శాస్త్రవేత్తలు పరిశోధన పత్రంగా ప్రచురించారని అన్నాను.

“ఎందులో వేశారండీ?”

“ఇంగ్లీషు పత్రికలో.”

ఆ మాట నా నోటి నుంచి వచ్చిన క్షణంలోనే నాకు దాని బరువు తెలిసింది. అతను ఇంకేమీ అనలేదు. మూడెకరాలు కౌలుకు చేసి, ఆ ఏడాది తోటంతా పీకేసి, భార్య మెడలోని గొలుసు అమ్మి కౌలు కట్టాడని తరువాత చెప్పారు. అతను కూర్చున్నాక పక్కనున్న యువకుడు ఫోనులో ఆ వీడియో పెట్టి శబ్దం పెంచాడు. నా తెర మీద నా స్లైడు, అతని చేతిలో ఆ మనిషి గొంతు. నేను ఆపమనలేకపోయాను. అంతలో ఒక పెద్దాయన ఇంట్లోకి వెళ్లి, మేము కట్టిన నీలి అట్టలు ఇరవైకి పైగా తెచ్చి, పురుగులు అంటిన వాటిని అలాగే నా ముందున్న బల్ల మీద పడేసి, “మీ అట్టలు మీరు తీసుకుపోండమ్మా” అన్నారు. మా విద్యార్థి ఒకడి తండ్రి ముందు వరుసలోనే ఉన్నారు, ఆయన తల ఎత్తలేదు. ఆ జిగురు నా చీర కొంగుకు అంటుకుంది. ఒక్క సంతకం కూడా లేకుండా చివరి బస్సు అందుకున్నాం.

ఆ వారమంతా నాకు నిద్ర లేదు. రైతుల మీద కోపం రాలేదు. నిజం తెలిసి, దాన్ని వాళ్లకు అందని భాషలో, అందని చోట దాచిన వ్యవస్థలో నేనూ భాగమేనన్న నిజం గుచ్చుకుంది. నా పేరుతో ఉన్న పరిశోధన పత్రాలలో ఒక్కటీ తెలుగులో లేదు. మన దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు 2020-21 లెక్కల ప్రకారం స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమే. దానిలో ఇంకా కోత పెడుతుంటే జనం ఎందుకు అడగరని మేము అధ్యాపకుల గదిలో బాధపడుతూ ఉంటాం. అడగవలసిన మనిషికి మేము ఏం చేస్తున్నామో చెప్పకుండా, అతను మా తరఫున ఎలా నిలబడతాడు? తెనాలి దగ్గర యలవర్రులో పుట్టి తోళ్ల పరిశోధనలో ప్రపంచం మెచ్చిన నాయుడమ్మగారు తోళ్లు శుద్ధి చేసే కార్మికుల మధ్యకు ఆ విజ్ఞానాన్ని తీసుకువెళ్లారని ఏటా తరగతిలో చెబుతాను. నేను మాత్రం ప్రొజెక్టరు పట్టుకుని వెళ్లాను.

నవంబరు రెండో వారంలో మళ్లీ ఆ ఊరికి వెళ్లాను, ఈసారి తెల్లవారి ఆరున్నరకు, చేలోకి. తెల్ల కాగితాలు, భూతద్దాలు తప్ప ఏమీ తీసుకువెళ్లలేదు. ముందుగా ఆ కౌలు రైతు ఇంటికి వెళ్లి, “నీ చేత అడిగించుకున్నానయ్యా, నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు తెలిసింది మాత్రం దాచకుండా చూపిస్తాను, రా” అన్నాను. అతను కాసేపు చూసి, చెప్పులు వేసుకుని వచ్చాడు. అతనితో మరో పదిమంది వచ్చారు.

చేసిన పని చాలా చిన్నది. మిరప పువ్వును కోసి తెల్ల కాగితం మీద తట్టితే, దాక్కున్న తామర పురుగులు నల్ల నలుసుల్లా రాలి పరుగెడతాయి. వాటిని రైతులనే లెక్కపెట్టమన్నాను. మూడు మందులు కలిపి నాలుగు రోజుల క్రితం కొట్టిన చేలో పది పువ్వులు, వేపనూనె మాత్రమే కొట్టిన పక్క చేలో పది పువ్వులు. మందు కొట్టిన చేలో పురుగు తక్కువేమీ లేదు. తేడా ఇంకొకచోట కనిపించింది: వేపనూనె చేలో ఆకుల కింద సాలీళ్లు, అక్షింతల పురుగులు ఉన్నాయి, పక్క చేలో వెతికినా దొరకలేదు. పురుగు పువ్వులో దాగుతుంది, మందు ఆకు మీద పడుతుంది, చచ్చేది దాన్ని తినే మిత్ర పురుగు. ఒక్క ఉదయం లెక్కతో ఏదీ రుజువు కాదని, ఇది వారం వారం చూడవలసిన పని అని నేనే చెప్పాను. ఆ మాట చెప్పడం వల్లే నన్ను నమ్మారని ఇప్పుడు అనుకుంటున్నాను.

అప్పుడు, నా ముందు అట్టలు పడేసిన పెద్దాయన, గట్టు మీద కూర్చుని, నేను అడగకుండానే చెప్పారు: “పత్తిలో ఇట్టాగే అయింది. ఎనభైల్లో కొత్త మందులొచ్చాయని పోటీలు పడి కొట్టాం. కాయతొలుచు పురుగు సంగతేమో గానీ తెల్లదోమ మీద పడింది. కొట్టేకొద్దీ పెరిగింది.” ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ దశాబ్దంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ దెబ్బతీసింది, సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల విచ్చలవిడి వాడకం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. తెల్లదోమను తట్టుకునే కాంచన పత్తి రకం గుంటూరు దగ్గరి లాంలోని ప్రభుత్వ పరిశోధనా స్థానం నుంచే వచ్చిందని గుర్తుచేశాను. “కాంచన నేనూ వేశా” అన్నారాయన. నేను నెల రోజులుగా వెతుకుతున్న వాదన ఆయన అనుభవంలో ఎప్పటి నుంచో ఉంది.

నలభై మూడు మంది సంతకాలు, వేలిముద్రలు ఇచ్చారు. తొమ్మిది మంది అట్టలు వద్దన్నారు. వారి అభ్యంతరాలు కూడా వారి మాటల్లోనే రాయించుకుని జత చేశాను. అనుకూలమైనవి మాత్రమే పంపండని ఒక సహోద్యోగి సలహా ఇచ్చారు, నేను వినలేదు. మీరు కూడా వినకండి.

విజయవాడలో సమీక్ష ఇరవై నిమిషాలు. ఇంత చిన్న ప్రాజెక్టుల వల్ల ఒరిగేది ఏమిటని ఒక సభ్యుడు అడిగారు. ఆ రోజు ఉదయం ఆయన తిన్న అన్నం బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి అయి ఉండవచ్చని, అది ప్రభుత్వ సొమ్ముతో ఏళ్ల తరబడి ఓపికగా జరిగిన పని ఫలితమని చెప్పాను. తరువాత తెల్ల కాగితాలు తీసి, రైతులే రాసిన అంకెలు చూపించాను. వీడియో ప్రస్తావన మళ్లీ రాలేదు. ఆర్థిక విభాగం నుంచి వచ్చిన సభ్యుడు మాత్రం ఒకటే పట్టు పట్టారు: పురుగును లెక్కపెట్టడం పరిశోధన, దాన్ని ఊళ్లో బోర్డు మీద రాయడం ప్రచారం, పరిశోధన పద్దులో ప్రచారానికి చోటు లేదు. ఎంత చెప్పినా ఆయన కదల్లేదు. విజ్ఞానాన్ని ప్రజల భాషల్లోకి తేవడానికి 1989లో కేంద్రం స్థాపించిన విజ్ఞాన ప్రసార్ సంస్థనే 2023లో మూసివేశారు కదా, నా బోర్డులు ఏపాటి.

మంజూరు ఉత్తర్వు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. కోత పడిన ఆ నాలుగో వంతు ఏమిటో చూశాను: గ్రామ బోర్డులు, రైతు సమావేశాలు, తెలుగు కరపత్రాలు. లెక్కపెట్టడానికి డబ్బు ఇచ్చారు, చెప్పడానికి ఇవ్వలేదు.

నిన్న ఆదివారం ఆ ఊరికి వెళ్లాం. మొదటి కోత నడుస్తోంది, కల్లాల్లో కాయ ఎర్రగా ఆరుతోంది. పాత బోర్డు వానకు తడిసి పాడైంది. ఆ కౌలు రైతు తన ఇంటి ప్రహరీకి సున్నం వేయించి ఉంచాడు, మా విద్యార్థులు దాని మీద నల్లరంగుతో గడులు గీశారు. మొదటి గడిలో ఈ వారం లెక్క అతనే రాశాడు.