బరంపురం మీటరు, కొరాపుట్ గాలి

కొరాపుట్‌లో కార్తీకం దాటితే స్వెట్టరు లేకుండా తెల్లవారుజామున చేపల చెరువు గట్టు ఎక్కలేం. ఈ రోజు చేతిలో నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే మీటరు కూడా ఉంది. నిన్న సాయంత్రం బరంపురం నుంచి బస్సులో వచ్చింది. గోపాలపూర్ వైపు రొయ్యల చెరువుల్లో తిరిగిందని దాని వాసనే చెబుతోంది.

ఈ రకం ప్రోబును, అంటే నీళ్లలో ముంచి కొలిచే కడ్డీని, ఆన్ చేశాక కుదురుకోవడానికి పావుగంట ఆగాలి. ఆ లోగా కొసన ఉన్న పల్చని పొరను చూశాను. దాని మీద ఆవగింజంత నీటి బొట్టు. రుద్దితే పొర పాడవుతుంది, వదిలేస్తే అంకె తప్పుతుంది. టిష్యూ అంచుతో అద్ది తీశాను. ముందు తడి గాలిలో కాలిబ్రేట్ చేయాలి, అంటే అంకె సరిచేసుకోవాలి. అందుకని తడి స్పాంజి ఉన్న కప్పులో ప్రోబును నీరు తగలకుండా నిలబెట్టి, మూత వదులుగా పెట్టాను. లవణీయత ఇంకా 15 దగ్గరే ఉంది. రొయ్యల లెక్క! మంచినీటి చెరువు కదా అని సున్నాకు దించి, భలే పట్టుకున్నానని మురిసిపోయాను.

తరువాత అది గాలి పీడనం అడిగింది. ఫోనులో వాతావరణం చూసి 1014 మిల్లీబార్లు అని కొట్టాను. 22 డిగ్రీలకు నీళ్లు పట్టుకోగలిగే ఆక్సిజన్ లీటరుకు 8.7 మిల్లీగ్రాములని చూపించింది. పుస్తకం వెనక పట్టికలోనూ అదే అంకె. ఇంకేం కావాలి?

చెరువులో 4.4 వచ్చింది.

"నాలుగు దాటిందిగా అమ్మాయీ, ఏరేటర్‌తో నీళ్లకు గాలి కొట్టడానికి డీజిల్ దండగ" అన్నారు చెరువు మామయ్య. నేనూ తల ఊపాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర సణుగుతోంది. శ్రీకాకుళంలో గిన్నెలో ఇట్టే ఉడికే కందిపప్పు ఇక్కడ ఉడకదని ఆరేళ్లుగా ఈ ఊరి నీళ్లను తిడుతూనే ఉంది.

"నీళ్లు కాదమ్మా, గాలి. ఇంత ఎత్తున నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి" అంటూ ఉండగానే నోరు ఆగిపోయింది.

ఫోను చూపించేది సముద్రమట్టానికి సరిచేసిన పీడనం. దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్న మా ఊళ్లో అసలు పీడనం సుమారు 915 మాత్రమే. పట్టిక కూడా సముద్రమట్టానిదే, అందుకే రెండూ అంత చక్కగా కలిశాయి. ఇక్కడ 22 డిగ్రీలకు నీళ్లు పట్టుకోగలిగేది 7.9 వరకే. అంటే పొద్దున చూసిన 4.4లో పదోవంతు నేను కలిపిందే.

టిఫిన్ వదిలేసి మళ్లీ చెరువుకు పరుగెత్తాను. 915 కొట్టి మొదటి నుంచి కాలిబ్రేట్ చేశాను. "మామయ్యా, పొద్దున నాలుగు దాటలేదు" అంటే ఆయన కోప్పడలేదు. కాసేపు నీళ్ల వైపే చూసి, "బొచ్చె చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవలేదులే. ఈ రాత్రి ఏరేటర్ వేస్తాను, రేపు ఇదే వేళకు రా" అన్నారు.

మీటరు ఎల్లుండి బరంపురం తిరిగి వెళ్లాలి. వెనక ఒక టేపు ముక్క అంటించి, తెలుగులోనూ ఒడియాలోనూ రాశాను: పీడనం 915లో ఉంది, మార్చుకోండి.

గాలికీ పప్పుకీ ఏమిటే సంబంధమని అమ్మ ఇప్పటికీ అడుగుతోంది.