కంప్యూటర్ ఉద్యోగం

మంగళవారం, రాత్రి పదిన్నర.

పొద్దున మాత్ర దగ్గరే అరగంట పోయింది. దుకాణంలో పాత కంపెనీది లేదని ఈసారి వేరేది ఇచ్చారు. మందు అదే, మోతాదూ అదే, రంగు మాత్రం మారింది. తమ్ముడు దాన్ని సాసరులో వేసుకుని వేలితో అటూ ఇటూ దొర్లించి, "ఇది నాది కాదక్కా" అన్నాడు. చెత్తబుట్టలోంచి పాత అట్ట వెతికి తీసి, రెండింటి మీదా పేరు వాడిచేతే చదివించాను. రిస్పెరిడోన్. రిస్పెరిడోన్. అప్పుడు వేసుకున్నాడు. అన్నంలో ఎవరో విషం కలుపుతున్నారని రెండేళ్లు వణికినవాడికి రంగు మారడం చిన్న సంగతి కాదు.

మా వీధి చివర్లోనే మందుల దుకాణం ఉంది. అయినా నేను కొనేది కంటోన్మెంట్ వైపు, ఆటోలో వెళ్లి. పదకొండేళ్లుగా ఇదే తంతు. ఈ జబ్బుకు చేసే చాకిరీ కంటే దాన్ని దాచడానికి చేసే చాకిరీ ఎక్కువ. నా ఫోనులో, మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ వాళ్ల 14416 నంబరు "గ్యాస్ బుకింగ్" పేరుతో ఉంది. వేసవిలో ఒక రాత్రి నిద్ర పట్టక, డాబా మీదికెళ్లి చేశాను. తమ్ముడి సంగతి చెప్పుకుపోతుంటే, అవతలామె మధ్యలో ఆపి "మీరు ఎన్ని గంటలు పడుకుంటున్నారు?" అని తెలుగులోనే అడిగింది. లెక్క వేసి చెప్పడానికి కాస్త సమయం పట్టింది.

పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగ దగ్గరపడింది. జాకెట్ల కోసం అందరూ ఒక్కసారే మీద పడుతున్నారు. పదింటికి వెనకవీధి పిన్నిగారు పట్టుగుడ్డ, కొలత జాకెట్టు తెచ్చారు. రెండో చేతిలో ఇంకో సంచి. అందులో లాప్‌టాప్!

"మీ తమ్ముడు ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడన్నావు కదమ్మా. మావాడిది ఆన్ కావడం లేదు, ఒకసారి చూడమను."

ఆ ఉద్యోగం నేను వేయించినదే. కరోనా రోజుల్లో అందరి పిల్లలూ ఇళ్లలో కూర్చుని పనిచేస్తుంటే, మావాడికీ ఒకటి ఇప్పించాను. జీతం అడిగినవాళ్లకు కాస్త పెంచి కూడా చెప్పాను.

"పనిలో ఉన్నాడండీ" అని నేను నసుగుతుండగానే తెర తొలగించుకుని వాడే వచ్చాడు. మా అమ్మ పైడితల్లి చదురుగుడికి వెళ్లింది గానీ, ఉంటే గది దాటనిచ్చేది కాదు.

"నాకు కంప్యూటర్ పని రాదు పిన్నిగారూ. ఉద్యోగం లేదు. స్కిజోఫ్రీనియా ఉంది, మందులు వాడుతున్నాను."

బియ్యం ధర చెప్పినంత మామూలుగా చెప్పి, పెరట్లో మొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్లిపోయాడు. ఆవిడ "అలాగా" అన్నారు. కాసేపాగి మళ్లీ "అలాగా" అన్నారు. లాప్‌టాప్ సంచి పట్టుకుని మెట్లు దిగారు. ఎప్పటికి కావాలో చెప్పలేదు. గుడ్డా, కొలత జాకెట్టూ కుర్చీ మీదే ఉన్నాయి.

నాకు కోపం వాడి మీదే వచ్చింది. సూదిలోకి దారం మూడుసార్లు ఎక్కలేదు.

మొదట్లో చుట్టాలు చిల్లంగి, ఎవరో చేతబడి చేశారు అన్నారు. తాయెత్తులు కట్టించాం, వేపమండలతో కొట్టించాం. రెండేళ్లు అలా పోయాయి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉందని తెలియక కాదు. చిన్నప్పుడు అల్లరి చేస్తే మమ్మల్ని బెదిరించింది ఆ పేరు చెప్పే. చివరికి విశాఖ రైలెక్కిన రోజు, ఎక్కడికని అడిగినవాళ్లకు సింహాచలం అన్నాం. అన్నాక ప్రసాదం తేవాలి కదా! ఆసుపత్రి నుంచి కొండకు పరుగెత్తి, పులిహోర పొట్లాలతో ఇల్లు చేరాం. అప్పన్నను ఎన్నిసార్లు అడ్డం పెట్టుకున్నానో ఆయనకే తెలియాలి.

వికలాంగుల పింఛను సంగతి డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు. వికలాంగుల హక్కుల 2016 చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. వైకల్యం ఎంతో తేల్చే సదరం పరీక్షలో 40 శాతం అని తేలితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెలకు 6,000 రూపాయలు. నేను వెళ్లలేదు. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు గుమ్మంలో నిలబడి డబ్బు ఇస్తుంటే, ఎందుకని వీధి అడగదా? ఆ భయానికి నెలనెలా 6,000 నేనే కడుతున్నట్టు లెక్క.

సాయంత్రం వాడే అడిగాడు. "ఆవిడ జాకెట్టు కుట్టవా అక్కా?"

"వస్తారో రారో."

"కొలత ఉంది కదా."

లైనింగు కత్తిరించాను. తొమ్మిదింటికి జాకెట్టు పూర్తయింది. హుక్సులు వాడు కుట్టాడు. ఏడాదిగా నా జాకెట్లన్నిటికీ హుక్సులు, కాజాలు వాడివే. మందువల్ల చేయి సన్నగా వణుకుతుంది, దారం పళ్లతో పట్టి తెంపుతాడు, వరస మాత్రం తప్పదు. ఈ పని గురించి నేను ఎవరికీ చెప్పలేదు.

రేపు పిన్నిగారింటికి జాకెట్టు నేను తీసుకెళ్లాలా, వాడిని పంపాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.