ఎంట్విసిల్: ఏటి చీలికలో పుట్టిన ఇంటిపేరు
1881 నాటి బ్రిటన్ జనాభా లెక్కల ఆధారంగా ఇంటిపేర్ల విస్తరణను చూపే పటంలో నిన్న రాత్రి ‘ఎంట్విసిల్’ అనే అరుదైన పేరును వెతికినప్పుడు, ఇంగ్లండ్ వాయవ్యంలోని లాంకషైర్ ఒక్కటే ముదురు రంగులో నిండి, మిగిలిన దేశం దాదాపు వెలవెలబోవడం చూసి చాలాసేపు దాని ముందే కూర్చుండిపోయాను. బోల్టన్ పట్టణానికి ఉత్తరాన ఆ పేరుతోనే ఒక చిన్న పల్లె నేటికీ ఉంది. పాత ఇంగ్లీషులో ‘ట్విస్లా’ అంటే ఏరు రెండు పాయలుగా చీలే చోటు. ఆ పాయల నడుమ నేలే ఊరి పేరైంది, ఊరు విడిచి వెళ్లినవారికి ఆ ఊరే ఇంటిపేరైంది. మన ఇంటిపేర్లలోనూ ఎన్నో ఊళ్ల నుంచే వచ్చాయి కనుక ఇది నాకు పరాయి సంగతిగా తోచలేదు. నూలు మిల్లులు దగ్గరలోనే పని చూపించినందువల్ల ఆ కుటుంబాలలో చాలామంది దూరం పోలేదని నా ఊహ. ‘ద హూ’ బృందంలో బాస్ గిటార్ వాయించిన జాన్ ఎంట్విసిల్ మాత్రం 1944లో లండన్‌లో పుట్టారు.