జ్వరం దిగాక పొడచూపిన దద్దుర్లు

మా పాపకు పదో నెల నడుస్తుండగా ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఒళ్ళు కాలిపోయేంత జ్వరం వచ్చింది. థర్మామీటరు 103.6 డిగ్రీలు చూపించింది. దగ్గు, జలుబు, విరేచనాలు ఏవీ లేవు. పారాసిటమాల్ వేసిన గంటకు వేడి కాస్త దిగి పాప మామూలుగా ఆడుకునేది, ఐదారు గంటలు గడిచేసరికి మళ్ళీ 104 దగ్గరికి చేరేది.

రెండో రోజు చూపించిన వైద్యుడు చెవి లోపల ఎర్రగా ఉందని పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ రాసిచ్చారు. పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చినా కర్ణభేరి ఎర్రబడుతుందన్న సంగతి నాకప్పటికి తెలియదు. ఏదో ఒక మందు పడింది కదా అని మనసు కుదుటపడింది కానీ, మూడో రోజు కూడా జ్వరం అలాగే ఉంది. నాలుగో రోజు తెల్లవారుజామున ఒక్కసారిగా దిగిపోయింది. మందు పనిచేసిందని సంబరపడుతూ మధ్యాహ్నం స్నానం చేయించబోతే ఛాతీ మీద, వీపు మీద గులాబి రంగులో సన్నని దద్దుర్లు కనిపించాయి. సాయంత్రానికి అవి మెడకూ ముఖానికీ పాకాయి. మళ్ళీ అదే వైద్యుడి దగ్గరికి పరుగెత్తితే, మందు ఒంటికి పడక అలర్జీ వచ్చిందని చెప్పి దాన్ని ఆపించి, పాప ఆరోగ్య పుస్తకం మొదటి పేజీలో ‘పెన్సిలిన్ జాతి మందులు పడవు’ అని ఎర్ర సిరాతో రాసిచ్చారు.

ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం అది తట్టు అన్నారు. రెండు మాటల మధ్య నలిగి, మర్నాడు మరొక పిల్లల వైద్యురాలిని కలిశాను. ఆమె దద్దుర్లను చూడకముందే అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘ఇవి వచ్చేటప్పటికి జ్వరం ఉందా, పోయిందా?’ పోయిందని చెప్పగానే ఆమె ముఖంలో ఆందోళన తగ్గడం గమనించాను. తట్టులో దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడటం ముందుగా వస్తాయనీ, దద్దుర్లు చెవుల వెనుక, నుదుటి దగ్గర మొదలై కిందికి దిగుతాయనీ, అవి వచ్చే వేళకు జ్వరం ఇంకా పెరుగుతుందనీ వివరించారు. మందు పడనప్పుడు వచ్చే దద్దుర్లు తరచుగా దురద పెడతాయి. పాప ఒక్కసారి కూడా గోక్కోలేదు. మచ్చ మీద వేలితో నొక్కితే రంగు పోయి, వదలగానే తిరిగి వచ్చేది. మెడ వెనుక గ్రంథులు కొద్దిగా ఉబ్బి ఉన్నాయి. ఆడపిల్లల్లో కారణం తెలియని జ్వరానికి మూత్రంలో ఇన్ఫెక్షన్ మూలం కావచ్చు కనుక ఆ పరీక్షా, దానితోపాటు రక్తపరీక్షా చేయించారు. మూత్రం శుభ్రంగా ఉంది, తెల్లరక్తకణాలు కొంచెం తక్కువగా ఉన్నాయి.

ఇది రోజియోలా అన్నారు. ఒంటిపై దద్దుర్లు తెచ్చే బాల్యవ్యాధులకు ఒకప్పుడు వరుస సంఖ్యలు ఇచ్చినప్పుడు దీనికి ఆరోది దక్కిందట. ఎక్కువగా ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకు వచ్చే ఈ జబ్బుకు ప్రధాన కారణం మానవ హెర్పిస్ వైరస్-6 అని 1988లో జపాన్ పరిశోధకులు నిరూపించారు. ఈ వైరస్ ఒకసారి సోకితే శరీరంలో జీవితాంతం నిద్రాణంగా ఉండి, ఆరోగ్యంగా ఉన్న పెద్దల లాలాజలంలో కూడా అప్పుడప్పుడు బయటపడుతుంది. అంటే పాపకు దీన్ని అంటించింది బహుశా మేమే. బయటివాళ్ళ చేతులు తగలకుండా నేను పడిన జాగ్రత్త తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

దీనికి ప్రత్యేకమైన మందు లేదు. తగినన్ని ద్రవాలు ఇవ్వడం, పాప ఇబ్బంది పడుతుంటే పారాసిటమాల్‌ను కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున వేయడం మాత్రమే చికిత్స. జ్వరం చురుగ్గా పెరిగేటప్పుడు కొందరు పిల్లలకు ఫిట్స్ రావచ్చని, అలా వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలని చెప్పారు. మాకు ఆ అవసరం రాలేదు. రెండు రోజుల్లో దద్దుర్లు మచ్చ కూడా మిగల్చకుండా మాయమయ్యాయి.

తేలనిదల్లా ఆ ఎర్ర సిరా వాక్యమే. అప్పటికప్పుడు కొట్టివేయడానికి వైద్యురాలు ఒప్పుకోలేదు. పక్కనే ‘నిర్ధారణ కాలేదు’ అని రాసి సంతకం చేశారు. పాపకు రెండేళ్ళు దాటాక నిజంగానే చెవిలో చీము పట్టింది. అప్పుడు అదే అమాక్సిసిలిన్ మొదటి మోతాదును తన ఎదుటే వేయించి, చాలాసేపు కూర్చోబెట్టి గమనించారు. ఆ రోజూ, ఆ తర్వాత మందు పూర్తయ్యేవరకూ ఒంటి మీద ఒక్క మచ్చ రాలేదు. ఆ తర్వాతే ఆమె ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టివేసి తేదీ వేశారు.